సర్టిఫికెట్ ఏడాదిది... అప్పు ఎన్నేళ్లది?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చి, నీట్ ముచ్చట కూడా తేలిపోయాక బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఫోన్ మోగడం ఆగదు. '6 నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్', '100 శాతం ప్లేస్‌మెంట్', 'ఏడాది కోర్సు, గల్ఫ్‌లో ఉద్యోగం'. వాట్సాప్‌లో పోస్టర్లు, ఇన్‌స్టాలో రీల్స్, బస్టాండ్ గోడ మీద ఫ్లెక్సీలు. ఎంబీబీఎస్ సీటు రాలేదన్న బాధలో ఉన్న ఇంటికి ఇవి దేవుడు పంపిన కబురులాగే కనిపిస్తాయి. తెల్లకోటు పోలేదు, కాస్త పొట్టిదైంది అంతే అనిపిస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. హాస్పిటల్‌తో నాకున్న సంబంధం హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వరకే. కానీ ఈ ఏడాది మా బాబాయ్ కూతురి కోసం ఈ కోర్సుల లెక్క మొత్తం కూర్చుని వేయాల్సి వచ్చింది. బైపీసీలో మంచి మార్కులు, నీట్‌లో సీటు రానంత ర్యాంకు. దగ్గర్లోని టౌన్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది ల్యాబ్ కోర్సు అన్నారు. 'వారం లోపల కడితే ఫీజులో తగ్గింపు' అని కూడా అన్నారు. చిన్నమ్మ మెడలోని గొలుసు కుదువ పెట్టడానికి బాబాయ్ రెడీ అయిపోయాడు.

"ఏడాదిల అయిపోతదంట అన్నా. డిప్లొమా అంటే రెండేండ్లు. అప్పటిదాక ఇంట్ల ఆగుతరా?" అంది చెల్లె. ఆ ఒక్క మాటలో ఫీజు, పెళ్లి, తమ్ముడి చదువు అన్నీ ఉన్నాయి. అందుకే 'చదువుకో తల్లీ, మంచి ఫీల్డే' అని లైక్ కొట్టినట్టు చెప్పి ఫోన్ పెట్టేయలేకపోయాను. ఎక్సెల్ తెరిచాను.

మా ఫీల్డ్ రూల్ ఇక్కడ పనిచేయదు

ముందు ఒక తేడా అర్థం చేసుకోవాలి. మా సాఫ్ట్‌వేర్‌లో పని వస్తే చాలు, కాగితం తర్వాత అడుగుతారు. అమీర్‌పేటలో మూడు నెలలు జావా నేర్చుకుని, సొంతంగా రెండు ప్రాజెక్టులు చేసి, ఇంటర్వ్యూలో కోడ్ రాసి చూపించి ఉద్యోగం కొట్టిన వాళ్లు నాకే ఎంతోమంది తెలుసు. వాళ్ల సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉందో ఎవరూ చూడలేదు.

హెల్త్‌లో ఇది తలకిందులు. ఇక్కడ ముందు కాగితం, తర్వాతే పని. మనిషి నరంలో సూది గుచ్చే చేతికి, ఎక్స్‌రే మెషీన్ బటన్ నొక్కే వేలికి చట్టం అనుమతి కావాలి. పని ఎంత బాగా వచ్చినా, సరైన ముద్ర లేని కాగితంతో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే 'ఎన్ని నెలలు? ఎంత ఫీజు?' కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'ఈ కాగితాన్ని ఎవరు ఒప్పుకుంటారు?'

2021 చట్టం ఏం చెబుతోంది

నర్సులకు, ఫార్మసిస్టులకు కౌన్సిల్స్ ఎప్పటినుంచో ఉన్నాయి. ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ల లాంటి వాళ్లకు మాత్రం దేశం మొత్తానికి ఒక పద్ధతి లేదు. దానికోసమే 2021లో పార్లమెంటు 'నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్' చట్టం చేసింది.

ఈ చట్టంలో మనకు కావాల్సిన ముక్క చిన్నదే. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలి. ఆ చదువు కనీసం 2,000 గంటలు, రెండు నుంచి నాలుగేళ్ల మధ్య సాగాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనే పై మెట్టుకైతే డిగ్రీ, కనీసం 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లు.

ఇప్పుడు ఆ పోస్టర్ మళ్లీ చూడండి. ఆరు నెలలు. రోజుకు ఐదు గంటలు, నెలకు 25 రోజులు క్లాసు జరిగినా 750 గంటలు. ఏడాదికి 1,500. చట్టం చెప్పిన 2,000కి రెండూ అందవు. మీరు 18 ఏళ్ల వయసులో చేసే కోర్సు మీకు 58 ఏళ్లు వచ్చేదాకా పనికి రావాలి. రేపటి రూల్స్ ఎటు పోతున్నాయో కళ్లముందు కనిపిస్తుంటే నిన్నటి కోర్సుకు డబ్బు కట్టడం ఎందుకు?

ఇంకొకటి. 2025లో యూజీసీ ఈ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూనివర్సిటీలకు చెప్పేసింది. 'ఇంట్లో కూర్చునే చేయొచ్చు, ఎగ్జామ్‌కి వస్తే చాలు' అని ఎవరైనా అంటే, ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి.

సర్కారు కొలువు కావాలంటే

మన ఇళ్లలో ఈ కోర్సుల వెనక అసలు ఆశ గవర్నమెంటు ఉద్యోగం. తెలంగాణలో 2024లో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మొత్తం 1,284 పోస్టులు. ఆ నోటిఫికేషన్ పీడీఎఫ్‌ను చెల్లెకు పంపి చదవమన్నాను. ఉద్యోగం వచ్చాక కాదు, కోర్సులో చేరకముందే చదవాల్సిన కాగితం అది.

అందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అర్హతల జాబితా. డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటివి పేరు పేరునా ఉంటాయి. దాంతోపాటు తెలంగాణ పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కావాలి. ఇంటర్‌లో ఒకేషనల్ ఎంఎల్‌టీ చదివిన వాళ్లకూ దారి ఉంది, కాకపోతే ఏడాది క్లినికల్ ట్రైనింగ్ పూర్తి చేసి ఉండాలి. రెండు, మార్కులు. 100లో 80 రాతపరీక్షకు, 20 గవర్నమెంటు ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు. అంటే అప్పటికే సర్కారు దవాఖానలో తక్కువ జీతానికి పనిచేస్తున్న వాళ్లు మీకంటే ముందు గీత దగ్గర నిలబడి ఉంటారు. చదువు అవ్వగానే కొలువు అనుకోవద్దు. చదువు, తర్వాత కొన్నేళ్ల కాంట్రాక్టు, ఆపైన నోటిఫికేషన్. లెక్క అలా వేసుకుంటే నిరాశ ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు అక్కడి పారామెడికల్ బోర్డు జాబితా చూసుకోవాలి. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద 'గవర్నమెంట్ రికగ్నైజ్డ్' అని రాసుండటం సరిపోదు. ఒక సంస్థ సొసైటీగానో కంపెనీగానో రిజిస్టర్ అవ్వడం వేరు, ఆ కోర్సుకు అనుమతి ఉండటం వేరు. కిరాణా కొట్టుకి కూడా లైసెన్స్ ఉంటుంది. అంతమాత్రాన అక్కడ డిప్లొమా ఇవ్వరు కదా!

ఇక డబ్బుల లెక్క

ఫీజు ఒక్కటే ఖర్చు అనుకుంటే లెక్క తప్పుతుంది. మూడు కూడాలి: ఫీజు, హాస్టల్ ఖర్చు, ఆ కాలంలో ఏదో ఒక పని చేసి ఉంటే వచ్చే జీతం. ఈ మొత్తాన్ని, కోర్సు వల్ల నెలకు అదనంగా వచ్చే జీతంతో భాగించండి. పెట్టింది ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలుస్తుంది.

కింది అంకెలు మా ఇంటికోసం నేను అనుకున్నవి. మార్కెట్ రేట్లు కావు. మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. చదువు లేకుండా ఇంటి దగ్గరే షాపులోనో సూపర్‌మార్కెట్‌లోనో చేరితే నెలకు 10,000 వస్తాయనుకున్నాను. హాస్టల్ నెలకు 6,000.

ఏడాది సర్టిఫికెట్: ఫీజు 60,000, హాస్టల్ 72,000, వదులుకున్న జీతం 1,20,000. మొత్తం 2,52,000. బోర్డు రిజిస్ట్రేషన్ లేని కాగితంతో చిన్న ల్యాబ్‌లో 12,000 ఇస్తారనుకుందాం. అదనంగా వచ్చింది నెలకు 2,000. తిరిగి రావడానికి 126 నెలలు. అంటే పదిన్నరేళ్లు!

రెండేళ్ల డిప్లొమా, గవర్నమెంటు కాలేజీలో: ఫీజు 20,000, హాస్టల్ 1,44,000, వదులుకున్న జీతం 2,40,000. మొత్తం 4,04,000. జీతం 18,000 అనుకుంటే అదనం 8,000. 50 నెలలు. నాలుగేళ్లు దాటి కాస్త.

బీఎస్సీ, మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్: ఫీజు 1,60,000, హాస్టల్ 2,88,000, వదులుకున్న జీతం 4,80,000. మొత్తం 9,28,000. జీతం 25,000 అనుకుంటే అదనం 15,000. దాదాపు 62 నెలలు. ఐదేళ్లకు కొంచెం పైన.

చూశారుగా. అన్నింటికంటే తక్కువ ఖర్చుదే అన్నింటికంటే ఎక్కువ కాలం మోయాల్సిన బరువు. డిగ్రీకి డిప్లొమా కంటే ఏడాది ఎక్కువ పట్టినా, ఎమ్మెస్సీకి, ల్యాబ్ ఇన్‌ఛార్జి పోస్టుకు, టీచింగ్‌కు మెట్లు అక్కడినుంచే ఉంటాయి. అదే డిప్లొమా ప్రైవేటులో రెండు లక్షలు కట్టి చేస్తే 50 నెలలు కాస్తా 73 అవుతాయి. కాబట్టి కోర్సు పేరు ఎంత ముఖ్యమో, సీటు ఎక్కడ వచ్చిందన్నదీ అంతే ముఖ్యం. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకుంటే ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఈపాస్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇస్తారా, ఆపుతారా అన్నది కూడా చేరేముందే అడగండి.

కోర్సుకో మెలిక

ల్యాబ్: పెద్ద ల్యాబ్‌లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు కోసం పోటీ పడతాయి. ఆ తనిఖీలో మెషీన్లతోపాటు సిబ్బంది అర్హతల కాగితాలు కూడా చూస్తారు. అందుకే అలాంటి చోట కాగితం బలంగా ఉండాలి. ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు. రక్తంతో పని కాబట్టి హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోవాలి. ఆరు నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టాలి.

రేడియాలజీ: ఎక్స్‌రే, సీటీ మెషీన్ల మీద అణుశక్తి నియంత్రణ బోర్డు నిఘా ఉంటుంది. ఆపరేటర్‌కు ఏ అర్హత ఉండాలో ఆ బోర్డే చెబుతుంది. ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకునే పని చేయాలి. ఆ బ్యాడ్జి ఇవ్వని చోట ఉద్యోగం ఇస్తానన్నా వద్దనాలి.

'అల్ట్రాసౌండ్ టెక్నీషియన్' అనే పోస్టర్లూ కనిపిస్తాయి. లింగనిర్ధారణ నిషేధానికి తెచ్చిన 1994 చట్టం వల్ల మన దగ్గర ఆ స్కానింగ్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టరే. అమెరికాలో సోనోగ్రాఫర్ అనే ఉద్యోగం ఉంది కదా అని ఆ కలను ఇక్కడ అమ్ముతున్నారు. ఆ సర్టిఫికెట్ తీసుకుని మీ అంతట మీరు ప్రోబ్ పట్టుకోలేరు.

డయాలసిస్: 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలుపెట్టాక జిల్లా ఆస్పత్రుల దాకా సెంటర్లు వచ్చాయి. పేషెంటుకు ఒక్కో విడత నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. అంటే పని ఆగదు, షిఫ్టులూ ఆగవు. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లడానికి మీ ఊరి నుంచి బస్సు ఉందా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఉద్యోగం నిలవడం ఒక్కోసారి దీనిమీదే ఆధారపడుతుంది.

మెడికల్ కోడింగ్: ఇది హాస్పిటల్ లోపలి పని కాదు, అమెరికా హాస్పిటళ్ల బిల్లులకు కోడ్‌లు వేసే ఆఫీసు పని. హైదరాబాద్‌లో కంపెనీలు చాలా ఉన్నాయి. ఇక్కడ మాత్రం చట్టం ముద్ర కాదు, పరీక్షే ముద్ర. ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెట్టే సీపీసీ పరీక్ష: 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం వస్తే పాస్. అనుభవం లేనివాళ్లకు మొదట పేరు పక్కన అప్రెంటిస్ అని 'ఏ' తగిలిస్తారు. కోచింగ్ సెంటర్ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, సీపీసీ వేరు. ఇది కలపకుండా చూసుకోండి. ఇంటర్‌తో కాకుండా బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ లాంటి డిగ్రీ ఉంటే దారి సులువు. సాఫ్ట్‌వేర్ వాడిగా ఒక మాట కూడా చెప్పాలి. రికార్డు చదివి కోడ్ సూచించే సాఫ్ట్‌వేర్లు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. తేలిక కేసులు మెషీన్‌కు పోతాయి, చిక్కు కేసులూ ఆడిటింగూ మనిషికి మిగులుతాయి. ఈ పనిలోకి వస్తే చదువు ఆపకూడదు.

గల్ఫ్ మాటల సంగతి

గల్ఫ్‌కు వెళ్లాలంటే అక్కడి హెల్త్ అథారిటీ లైసెన్స్ కావాలి. చాలాచోట్ల డేటాఫ్లో అనే సంస్థ మీ సర్టిఫికెట్‌ను, అది ఇచ్చిన సంస్థతోనే సరిచూస్తుంది. మీరు చదివిన ఇన్‌స్టిట్యూట్ ఐదేళ్ల తర్వాత షట్టర్ దించేస్తే ఆ ఈమెయిల్‌కు జవాబు ఇచ్చేదెవరు? యూనివర్సిటీ, బోర్డు అయితే ఎక్కడికీ పోవు. ఆపైన ప్రోమెట్రిక్ పరీక్ష, పని అనుభవం. 'ఏడాది కోర్సు, నేరుగా దుబాయ్' అంటే మధ్యలో ఇన్ని గేట్లున్నాయని గుర్తుపెట్టుకోండి.

అయితే పొట్టి కోర్సులు దండగేనా?

కాదు. డబ్బు కట్టి చేసే పొట్టి కోర్సులతోనే పేచీ. ఇంట్లో పరిస్థితి రెండేళ్లు ఆగలేనిదైతే, పల్లెల్లోని పేద యువత కోసం కేంద్రం నడిపే డీడీయూ-జీకేవై లాంటి పథకాల్లో ట్రైనింగ్ ఉచితం. పేషెంట్ కేర్‌కు సంబంధించిన జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి పనులు అలా నేర్చుకోవచ్చు. అది టెక్నీషియన్ ఉద్యోగం కాదు, మంచం పక్కన రోగిని చూసుకునే పని. గౌరవమైన పనే. జేబులోంచి ఏమీ పోలేదు కాబట్టి పైన వేసిన లెక్కలో కూడా అది గెలుస్తుంది. ఇప్పటికే నర్సింగో, ల్యాబో చేసి ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఒక మెషీన్ మీదో, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మీదో చేసే చిన్న కోర్సులూ పనికొస్తాయి. అన్నం ఉన్న విస్తట్లో పచ్చడి రుచే. ఉత్త పచ్చడితో కడుపు నిండదు.

చేరేముందు ఐదు ప్రశ్నలు

మా చెల్లె, బాబాయ్ ఆ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లేటప్పుడు ఈ ఐదూ కాగితం మీద రాసి ఇచ్చాను. మీరూ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

1. సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉంటుంది? పారామెడికల్ బోర్డుదా, యూనివర్సిటీదా, మీదేనా?

2. ఈ ఏడాది ఈ కోర్సుకు అనుమతి ఇచ్చిన ఉత్తర్వు చూపిస్తారా?

3. ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో, మొత్తం ఎన్ని గంటలు? ఒప్పందం కాగితం ఉందా?

4. పోయిన బ్యాచ్ వాళ్లు ముగ్గురితో మీ ముందు కాకుండా విడిగా మాట్లాడొచ్చా?

5. మధ్యలో మానేస్తే ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా? ఆ మాట రాసిస్తారా?

అక్కడ మొదటి ప్రశ్నకు 'మాదే, ఆల్ ఇండియా వ్యాలిడ్' అన్నారు. రెండోదానికి 'సార్ ఊర్లో లేరు' అన్నారు. మూడోది అడిగేలోపు తగ్గింపు ఇంకో ఐదువేలు పెంచారు. బాబాయ్ బయటికొచ్చి నాకు ఫోన్ చేసి, "ధర దిగుతున్నదంటే సరుకు మీద వాళ్లకే నమ్మకం లేదురా" అన్నాడు. పత్తి అమ్మీ అమ్మీ ఆయనకు అలవాటైన లెక్క అది. నా ఎక్సెల్ కంటే సూటిగా ఉంది.

చెల్లె ఇప్పుడు గవర్నమెంటు కాలేజీ డిప్లొమాకు అప్లై చేసింది. సీటు వస్తుందో లేదో తెలియదు. రాకపోతే బీఎస్సీలో చూద్దాం అనుకున్నాం. ఈలోగా రోజూ సాయంత్రం రెండు గంటలు పక్క వీధి పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెబుతోంది. గొలుసు చిన్నమ్మ మెడలోనే ఉంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బైపీసీ తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకు ధైర్యం చెప్పడంతో ఆగిపోకండి. పక్కన కూర్చుని నోటిఫికేషన్ తెరవండి, బోర్డు జాబితాలో కాలేజీ పేరు వెతకండి, మీ అంకెలతో ఆ భాగహారం చేయండి. ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది. 'వారంలోపల కడితేనే' అన్నవాళ్లను ఆ ఆదివారం దాకా ఆగమనండి.